ప్రమాణపు రాయి

బాప్తిస్మపు రేవులో దొరికిన నాలుగో శవానికి కూడా రెండు చేతులూ మణికట్టు దాకా లేవు.

పాస్టరు బర్నబాసు నడుములోతు నీళ్ళలో నిలబడి శవాన్ని మెట్ల మీదికి నెట్టాడు. సలోమి తమ్ముడు ఓబేదు అందుకుని పైకి లాగాడు. సలోమి గాయం మీదికి వంగింది. ఎముక నున్నగా, సన్నటి పళ్ళు కోసినట్టుంది. అలా కోయగల పళ్ళు ఈ భూమ్మీద ఒక్క కొల్లేట్లోనే ఉన్నాయి. వాటిని తయారుచేసింది తనే.

రొయ్యల తొట్ల మందునీళ్ళకు కొల్లేరు ఒకసారి చచ్చింది. ముందు చేపలు పోయాయి, తర్వాత కొంగలు, ఆ తర్వాత ఈ మేరీలంకలో పసిపిల్లలు. దాన్ని మళ్ళీ బతికించడానికి 2076లో సలోమి కావలిచేపలను వదిలింది. వేలెడేసి రోబోలు, మూడు లక్షలు. నీళ్ళలో విషం కలిస్తే, దాన్ని పారబోసిన చేతి తాలూకు స్కిన్ సిగ్నేచర్‌ను, ఆమె మాటల్లో చర్మముద్రను, అవి పసిగడతాయి. రేవులోని మైకు ఆ మనిషి పేరు చదువుతుంది. అంతవరకే వాటి పని. పళ్ళు ఇచ్చింది గుర్రపుడెక్క కలుపు కోయడానికి.

పేరు తెలియాలంటే ముద్ర ముందే ఇవ్వాలి. అందుకే లంకలో పన్నెండేళ్ళు నిండిన ప్రతి మనిషీ రేవులోని రాతిమీద తడి అరచెయ్యి ఆనించి, "దేవుని సృష్టికి నేనూ కాపలా" అని ప్రమాణం చేయాలి. పాస్టరుగారు ఆ చేతిమీద తన చెయ్యి వేసి గట్టిగా అదుముతారు.

"ఏంటక్కా, నీ చేపలు నీచు మరిగినయ్యా?" అన్నాడు ఓబేదు.

సలోమి చేతిలోని తెర తెరిచింది. సోమవారం తెల్లారి చేపలకిచ్చిన ఆజ్ఞ మారింది. 'పేరు చదువు' తీసేసి 'చెయ్యి కోయి' అని పెట్టారు. ఆజ్ఞ మార్చడానికి వాడింది ఆమె తాళమే.

ఆ కిందే విషం పోసినవాళ్ళ పేర్లున్నాయి. మొదటి నలుగురూ శవాలయ్యారు. అయిదో పేరు ఓబేదు.

"నువ్వూ పోశావట్రా?"

"ఒక్క బకెట్టు తొట్టినీళ్ళేనక్కా! అందరూ పోత్తన్నారు. ఇంత కొల్లేట్లో నా బకెట్టెంత?" అంటూనే నెత్తురంటిన చేతులు కడుక్కోవడానికి మెట్టు మీద వంగాడు.

"నీళ్ళు ముట్టుకోకు!"

ఆమె కేక పూర్తికాకుండానే నీళ్ళు సలసల మరిగినట్టు లేచాయి. వందల వెండి తునకలు వాడి కుడిచేతికి కరుచుకున్నాయి. ఓబేదు అరుపుకు ఒడ్డున పడవలవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. సలోమి తెడ్డు అందుకుని చేపలను చావబాదింది. బర్నబాసు వాడి నడుము పట్టుకుని పైకి విసిరాడు. వాడు మెట్ల మీద పడ్డాడు గానీ కుడిచెయ్యి నీళ్ళలోనే ఉండిపోయింది.

ఆమె చీరకొంగు చింపి మొండికి బిగించి కట్టింది. పడవలవాళ్ళు వాణ్ణి ఆసుపత్రికి మోసుకుపోయారు. ఆ ఎర్రటి నీళ్ళ మధ్యే బర్నబాసు ఇంకా నిలబడి ఉన్నాడు. చేపలు ఆయన చుట్టూ తిరుగుతున్నాయి. ముట్టుకోవడం లేదు.

తెరమీద ఆరో వరుస మెరిసింది. అందరికంటే ఎక్కువ విషం, రోజూ, మూడేళ్ళుగా. పేరు ఉండాల్సిన చోట 'ముద్ర తెలియదు' అని ఉంది. రాతిమీద ముద్ర ఇవ్వని చేతిని చేపలు కోయలేవు.

"అయ్యగారూ, మా అందరి చేతులూ మీరు అదిమారు." సలోమి తెరను ఆయనవైపు తిప్పింది. "మీ చెయ్యి ఎవరు అదిమారు?"

బర్నబాసు తన అరచెయ్యి చూసుకున్నాడు.

"హైదరాబాదు వెళ్తూ నా తాళం మీ చేతికే ఇచ్చాను. దేవుని మనిషి దగ్గరుంటే భద్రమనుకున్నాను."

బర్నబాసు ఒక్కో మెట్టూ ఎక్కి రాతిముందు మోకరించాడు.

"ఆజ్ఞ మార్చింది నేనేనమ్మా. మైకులో పేరు రాగానే ఏడుస్తూ నా దగ్గరకొచ్చేవాళ్ళు. ప్రార్థన చేసి పంపేవాణ్ణి. మళ్ళీ వారం వాళ్ళే, అదే బకెట్టు. నాకు కోపమొచ్చింది. ఆ కోపం దేవుడిదే అనుకున్నాను. గుడి వెనక రొయ్యల తొట్టి నాది. ఆ నీళ్ళూ ఇందులోకే వదిలాను. నాది దేవుని పని గనక నా నీళ్ళ లెక్క వేరనుకున్నాను. నీ చెయ్యి ఏదని పద్దెనిమిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. నేనూ గుర్తుచేయలేదు. ఇదిగో, తడిచెయ్యే. అందరివీ నేను అదిమాను, నాది నువ్వు అదుము."