బాలింత గదిలో పొగ

రెండో బిడ్డను కూడా పొలం గట్టున పూడ్చిపెట్టి మునికృష్ణప్ప ఇంటికి తిరిగివచ్చేసరికి నడవలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నిండిపోయి ఉన్నారు. ఆయన భార్య అంజనమ్మ గోడకు చేరగిలబడి, చేపుకు వచ్చిన పాలతో తడిసిపోయిన రవికెను కొంగుతో అదుముకుంటూ ఎటో చూస్తోంది. బిడ్డ పోయిందని మనసుకు తెలిసింది... ఒంటికి ఇంకా తెలియలేదు! పాలిచ్చే వేళ అయ్యేసరికి రొమ్ములు సలుపుతున్నాయి. తాగేందుకు నోరు లేదు...

మొదటివాడు నవ్వడం నేర్చుకున్న నెలలోనే పోయాడు. ఇది బోర్లా పడడం నేర్చుకుని పోయింది. ఇద్దరికీ ఒకే తీరు. ముందు ముక్కు కారడం, ఆ తర్వాత దగ్గు, గొంతులో పిల్లికూతలు, డొక్కలు ఎగరేస్తూ ఆయాసం... చివరికి ఆ చిన్ని పెదవులు నేరేడుపండు రంగుకు తిరగడం!

మునికృష్ణప్ప తల్లి అక్కయమ్మ అందరి మధ్యా కూర్చుని, ముఖం తుడుచుకుని, మెల్లగా అంది.

“గుట్ట కింద రాళ్ళు కొట్టేవాళ్ళ బిడ్డల్ని చూడండమ్మా. మట్టిలో పొర్లినా ఏమీ కాదు. వాళ్ళది రాతి ఒళ్ళు. మనవాళ్ళ బిడ్డలది పూల ఒళ్ళు, చలిగాలి తగిలితే చాలు. అందులోకి నా కోడలి నాయన ఉబ్బసం కూడా కలిసె. ఇంక ఈ ఇంట్లో బిడ్డలు యాడ నిలుస్తారు?”

ఎవరూ కాదనలేదు. అంజనమ్మ కూడా కాదనలేదు. హొసూరులో ఆమె తండ్రి బైరప్ప చలికాలమంతా దిండ్లు ఒడిలో పెట్టుకుని, ముందుకు వంగి కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడడం చూస్తూనే ఆమె పెరిగింది. అత్త మాట నిజమే అనుకుంది. తన రక్తమే తన బిడ్డలను మింగేసిందనుకుంది! అంతకన్నా పెద్ద శిక్ష ఏ తల్లికైనా ఉంటుందా?

అలాగని అక్కయమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ మాట వాళ్ళ ఊరు పాతపాళ్యలో ఎవరూ అనరు. కోడలు ప్రసవించినప్పుడల్లా ఆమె పడే తపన చూసినవాళ్ళు, సొంత తల్లి కూడా ఇంత చేయదని చెప్పుకునేవారు. వంటింటి వెనక, కిటికీ లేని చిన్న గదిలో బాలింతనూ బిడ్డనూ పడుకోబెట్టేది. గాలి సోకకుండా తలుపుకు గోనెపట్టా కట్టేది. మంచం కింద కుంపటిలో పిడకలు రాజేసి, వేపాకూ సాంబ్రాణీ వేసి, అది ఆరిపోకుండా పక్కనే కూర్చుని ఊదుతూ ఉండేది. ఆమె కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఊదేది. బిడ్డకు నెలలు గడిచినా, ముసురు పట్టినా, చలి ముదిరినా ఆ గదే. తన బిడ్డలనూ ఆమె అలాగే సాకింది. ఎంతమందిని కన్నా, బాలగ్రహమనీ దిష్టి అనీ అందరూ పసితనంలోనే పోయి, ఒక్క మునికృష్ణప్ప మిగిలాడు. పోయినవాళ్ళ ఊసు ఆమె ఎప్పుడూ ఎత్తేది కాదు.

మరుసటి సంవత్సరం అంజనమ్మ మళ్ళీ ఆడపిల్లను కంది. ఈసారి అక్కయమ్మ మరింత జాగ్రత్త పడింది. గోనెపట్టా మీద మరో పట్టా కట్టింది. కుంపటి మీద కుంపటి పెట్టింది. కానీ కార్తీకంలో చలి మొదలయ్యేసరికి ఆ బిడ్డ గొంతులోనూ పిల్లికూతలు మొదలయ్యాయి!

అదే వారంలో మంచేనహళ్ళి నుంచి ఒక దూరపు బంధువు వచ్చి, మునికృష్ణప్పకు తన కూతురినిస్తానని అక్కయమ్మతో మాట్లాడి వెళ్ళాడు. వంటింట్లోంచి అంజనమ్మ అన్నీ విన్నది. ఆమె ఏడవలేదు. బిడ్డను ఎత్తుకుని భర్త దగ్గరకు వెళ్ళి, ఎవరిని తెచ్చుకున్నా తను అడ్డు చెప్పనని, బిడ్డను మాత్రం ఒక్కసారి చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి తీసుకువెళ్ళమని అడిగింది. పసిబిడ్డకు సూదులేమిటని అక్కయమ్మ గుండెలు బాదుకుంది. తల్లి మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మునికృష్ణప్ప ఆ రోజు మాత్రం బిడ్డ డొక్కల వంక చూసి, తల వంచుకుని, బస్సుకు బయలుదేరాడు.

ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళను రానివ్వలేదు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కన్నడం మాట్లాడేది. కన్నడం కూడా వినిపించే హొసూరు పిల్ల కాబట్టి అంజనమ్మకు ఆ భాష ఇంటి భాషతో సమానం. బిడ్డకు సూది మందు వేసి, ఊపిరి కుదుటపడేదాకా డాక్టరమ్మ అక్కడే నిలబడింది. ముందు ఇద్దరు ఎలా పోయారో అడిగింది. అంజనమ్మ చెప్పింది... తమ వాళ్ళ బిడ్డలది పూల ఒళ్ళనీ, తన తండ్రికి ఉబ్బసమనీ, తప్పంతా తన రక్తానిదేననీ. డాక్టరమ్మ బిడ్డను చుట్టిన పాతచీర గుడ్డ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“రక్తం సంగతి తర్వాతమ్మా. ఈ బిడ్డ పడుకునేది ఎక్కడ?”

అంజనమ్మ గది గురించి చెప్పసాగింది. గోనెపట్టా... కుంపటి... పిడకలు... చెబుతూ చెబుతూ ఆమె గొంతు దానంతటదే ఆగిపోయింది. డాక్టరమ్మ ఓపిగ్గా వివరించింది. ఏ కులం బిడ్డ ఊపిరితిత్తులైనా పుట్టినప్పుడు గుప్పెడంతే ఉంటాయట. తాతకు ఉబ్బసముంటే మనవలకు ఊపిరితిత్తులు కాస్త బలహీనంగా ఉండవచ్చునట, అది కాదనలేమట. కానీ మూసిన గదిలో పగలూ రాత్రీ పొగ పీలిస్తే ఎంత గట్టి బిడ్డయినా తట్టుకోలేదట. గుట్ట కింద బిడ్డలు ఆరుబయట పెరుగుతున్నారు కాబట్టి వాళ్ళకు ఈ రోగం తక్కువ, అంతేగాని వాళ్ళది రాతి ఒళ్ళు కాదన్నది.

అంజనమ్మ గుండెలో ముందు మంట రేగింది. నన్ను అన్నారే... ఊరందరినీ కూర్చోబెట్టి నా రక్తాన్ని అన్నారే! బిడ్డలను పొగబెట్టి చంపింది మీరే అని అత్త ముఖం మీద అరవాలనిపించింది. కానీ అత్త ముఖం తలచుకోగానే, కుంపటి ఊదుతూ ఎర్రబడ్డ ఆ కళ్ళు గుర్తొచ్చాయి. నా బిడ్డలు ఇద్దరు... మరి ఆమె బిడ్డలో? ఒక్కొక్కరికీ తన చేతులతోనే నిప్పు రాజేసిందే! ఈ మాట చెవిన పడితే ఆ ముసలి ప్రాణం బతుకుతుందా?

ఆమె ఎవరికీ చెప్పకూడదనుకుంది.

బిడ్డ తేరుకుని ఊరికి తిరిగివచ్చాక, తన రక్తదోషం వల్ల బిడ్డను ఆరుబయట పెంచమన్నారని అబద్ధం చెప్పింది. పొలంలో మూడు వైపులా తడికెలు, ఒక వైపు ఖాళీగా ఉన్న కొట్టంలో ఉండిపోతానంది. అక్కయమ్మ నిర్ఘాంతపోయింది. ఇంత చాకిరీ చేస్తే, ఇల్లే వద్దని పోతున్నదా! ఆ రోజు నుంచి కోడలితో మాట్లాడడం మానేసింది. అత్తతో మొండికేసి పొలంలో కాపురం పెట్టిందని ఊరు ఊరంతా అంజనమ్మనే తిట్టింది.

ఆ కొట్టానికి పిలిస్తే పలికేంత దూరంలో రాళ్ళు కొట్టే లక్ష్మణప్ప గుడిసె. అతని భార్య హనుమక్క అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేది. మీ బిడ్డలది రాతి ఒళ్ళంటారే అని ఒకరోజు అంజనమ్మ అడిగితే, హనుమక్క నవ్వబోయి ఆగిపోయింది.

“రాతి ఒళ్ళా తల్లీ? మా పెద్దోడు పోయిన ఎండాకాలంలో వాంతులు బేదులై ఒక్క పూటలో పోయె. మీ వీధికొచ్చి బండి అడిగితే, మీవాళ్ళకేం కాదు పోండనిరి.”

అంజనమ్మ ఆమె చేయి పట్టుకుంది. తన బిడ్డలు పూలని ఆ గదిలో మూసిపెట్టారు. ఈమె బిడ్డ రాయి అని వీధిలో వదిలేశారు. ఇద్దరు తల్లుల ఒడులూ ఖాళీ అయ్యాయి...

చలికాలం గడిచింది. బిడ్డకు ఒకటి రెండుసార్లు జలుబు చేసింది గాని, పిల్లికూత తిరిగి రాలేదు. ఇంతలో మంచేనహళ్ళి సంబంధం ఖాయమైందని మునికృష్ణప్ప వచ్చి, కొట్టం గుంజకు ఆనుకుని, నేల చూపులు చూస్తూ చెప్పాడు. అమ్మ మాట కాదనలేకున్నానన్నాడు. సవతి వస్తుందన్న బాధ ఆమెకు లేకపోలేదు. కానీ అంతకు మించిన భయం ఒకటి ఆమె గుండెను పట్టుకుంది. ఆ పిల్ల వస్తుంది... కంటుంది... ఆ గదిలోనే పడుకుంటుంది! తన మౌనం మరో తల్లి ఒడిని ఖాళీ చేస్తుంది!

ఆ రోజు ఆమె భర్తకు అంతా చెప్పేసింది. చెప్పి, అత్తకు మాత్రం తెలియనివ్వవద్దని కాళ్ళు పట్టుకుంది. మునికృష్ణప్ప ముఖం పాలిపోయింది. లేచి, దారి కూడా చూసుకోకుండా చేలకు అడ్డంపడి వెళ్ళిపోయాడు. మర్నాడు మంచేనహళ్ళికి పోయి, పెళ్ళి వద్దని చెప్పి వచ్చాడు.

ఆ సాయంత్రం అక్కయమ్మ మొదటిసారి కొట్టానికి వచ్చింది. వస్తూనే గద్దించింది.

“ఏమి చెప్పినావు నా కొడుక్కి? మాటిచ్చినాక వద్దని చెప్పొచ్చినాడు. ఎందుకురా అంటే నోరు తెరవకుండా ఏడుస్తాండాడు.”

కింద పరిచిన బొంత మీద బిడ్డ నిద్రపోతోంది. బుగ్గలు నిండి, నోరు కొద్దిగా తెరుచుకుని, పొట్ట మెత్తగా లేస్తూ పడుతోంది. అక్కయమ్మ చూపు దాని మీద పడింది. ఆమె కోపం ఎక్కడో తప్పిపోయినట్టయింది. మెల్లగా చతికిలబడి, బిడ్డ రొమ్ము దగ్గర చెవి పెట్టింది.

“గొంతులో కూతే లేదే...”

“ఆస్పత్రి మందు బాగ పనిచేసిందత్తా.”

అక్కయమ్మ వినలేదు. తలెత్తి తడికెల వంక, తలుపు లేని ఖాళీ వైపు నుంచి వస్తున్న గాలి వంక చూసింది. ఆమె గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వచ్చింది.

“ప్లేగు వచ్చిన ఏడు ఊరంతా ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలేసుకుంటిమి. మునికిట్నప్ప ఆ గుడిసెలోనే పుట్టె. ఇట్లే, తలుపు లేదు. కుంపటి పెడితే పైన కప్పిన బోదగడ్డి అంటుకుంటుందని మీ మామ పెట్టనీలేదు. చలికి బిడ్డ చచ్చిపోతాడని నేను ఎంత ఏడిస్తినో...” ఆమె ఆగింది. “వాడొక్కడే మిగిలె.”

అత్త ఏ అంచుకు వచ్చి నిలబడిందో అంజనమ్మకు అర్థమైంది. వెనక్కి లాగాలని గబగబా అంది.

“అదేం కాదత్తా. అంతా మా నాయన ఉబ్బసమే.”

అక్కయమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

“నా బిడ్డలకు మీ నాయన ఏమవుతాడే?”

అంజనమ్మ దగ్గర ఇంక అబద్ధం లేదు. తల దించుకుంది. కన్నీళ్ళు బొంత మీద పడ్డాయి. ఆ కన్నీళ్ళే అక్కయమ్మకు జవాబయ్యాయి. ఆమె అడిగింది, నీకు ఎప్పటినుంచి తెలుసని. ఆస్పత్రిలో చెప్పారని అంజనమ్మ ఒప్పుకుంది.

“తెలిసీ... ఊరంతా నిన్నంటాంటే నోరు మూసుకోనుంటివా తల్లీ? నా చేతులతోనే కదా... ఒక్కొక్కరికీ నేనే కదా ఊదితిని...”

“చలి తగలకూడదనే కదత్తా చేసినావు.”

“అవును,” అంది అక్కయమ్మ. “చలి తగలకూడదనే.”

ఆమె గట్టిగా ఏడవలేదు. కోడలి ఒడిలో తల పెట్టుకుని, చిన్నపిల్లలా ముడుచుకుని పడుకుంది. అంజనమ్మ ఆ నెరిసిన జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

మర్నాడు అక్కయమ్మే గుట్ట కిందికి పోయి లక్ష్మణప్పను పిలుచుకొచ్చింది. ఆ ఇంటి గడప అంతవరకూ ఎన్నడూ తొక్కని మనిషి, గునపం పట్టుకుని లోపలికి వచ్చి, బాలింత గదికి రెండు వైపులా కిటికీలు కొట్టాడు. పని ముగిశాక అక్కయమ్మ అతనికి తన చేత్తో నడవలో విస్తరి వేసి వడ్డించింది. పోయిన అతని పెద్దకొడుకు గురించి ఏదో అనబోయి, విస్తట్లో ఇంకాస్త అన్నం పెట్టింది. అతను తల వంచుకుని తిన్నాడు. క్షమించాడో లేదో ఎవరికీ తెలియదు.

అంజనమ్మ ఇంటికి తిరిగివచ్చింది. ఆ తర్వాత మరో కొడుకును కంది. ఇద్దరు బిడ్డలూ నిలిచారు. అక్కయమ్మ మునుపటిలా ఎవరితోనూ గట్టిగా మాట్లాడేది కాదు. ఊళ్ళో ఏ ఇంట్లో, ఏ గుడిసెలో పురుడైనా తనే వెళ్ళి కుంపటి బయట పెట్టించి, తలుపు తెరిపించేది. ముసలిదానికి మతి పోయిందని కొందరు తిట్టి పంపేవారు. మళ్ళీ వెళ్ళేది. కారణం మాత్రం ఎవరికీ చెప్పేది కాదు.

ఒకసారి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె, నీకు బిడ్డలెంతమంది అవ్వా అని మాటవరసకు అడిగింది. ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఒక్కడే కొడుకని చెప్పే అక్కయమ్మ, ఒక్కొక్క వేలే మడుచుకుంటూ వచ్చి, “ఏడుగురమ్మా” అంది. పక్కనే రాగులు చెరుగుతున్న అంజనమ్మ చేట కింద పెట్టి, ఆ ముడతలు పడ్డ పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.