అరిచినంత గట్టిగా

“టికెట్లు చూపించండమ్మా,” అన్నాడు బురుజు మెట్ల దగ్గర నిలబడ్డ ఉద్యోగి.

టపాకాయ జేబులో చెయ్యి పెట్టింది. ఖాళీ! రెండో జేబూ ఖాళీయే.

ఇంట్లో అందరూ ఆమెను టపాకాయ అనే పిలుస్తారు. ముందు పేలుతుంది, తరవాత ఆలోచిస్తుంది. వందల ఏళ్ళ నాటి కోట చూడ్డానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. గేటు దగ్గర, “టికెట్లు నాకివ్వు నాన్నా. తమ్ముడికిస్తే అంతే సంగతులు!” అని పట్టుబట్టి తీసుకున్నది ఆమే.

వెనక పెద్ద క్యూ. అందరూ తననే చూస్తున్నారు. టపాకాయ చెవులు వేడెక్కాయి.

“వీడే తీశాడు!” అని తమ్ముడికేసి వేలు చూపిస్తూ అరిచింది. “ఇందాక కోట కందకంలో కాగితం పడవ వదిలాడు. కళ్ళారా చూశాను. మన టికెట్లతోనే చేసుంటాడు!”

“అది చాక్లెట్ కాగితం! టికెట్లు నేను ముట్టుకోనే లేదు!” అన్నాడు తమ్ముడు.

“అబద్ధాలకోరు!”

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. “ఏం పిల్లలో ఏమో!” అని గొణిగింది ఒక పెద్దావిడ.

“ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు?” అంటూ అమ్మ వాణ్ణి పక్కకు లాగింది.

“నువ్వూ నమ్మవా అమ్మా?” వాడికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పిడికిళ్ళు బిగించి గోడవైపు తిరిగాడు.

నాన్న సంచీ అంతా తిరగేస్తున్నాడు. ఉక్కపోతకు తట్టుకోలేక టపాకాయ టోపీ తీసి విసురుకుంది. అందులోంచి టికెట్లు జారి కిందపడ్డాయి. భద్రంగా ఉంటాయని అక్కడ దోపుకున్నది తనే!

అమ్మ నాలుక కరుచుకుంది. “పొరపాటైందిరా కన్నా,” అని వాడి తల నిమరబోయింది. వాడు తల విదిలించుకున్నాడు.

టపాకాయ వాడి చెవి దగ్గర వంగి, “సారీ రా,” అని గుసగుసగా అంది. “పద, పైకి పోదాం.”

“నేను రాను. నన్ను తిట్టింది అందరికీ వినిపించింది. సారీ మాత్రం నా ఒక్కడికేనా? వాళ్ళంతా నేనే తీశాననుకుంటున్నారు!”

టపాకాయకు ఒళ్ళు మండింది. సారీ చెప్పాక కూడా ఏమిటీ బెట్టు? గట్టిగా అనబోయింది. అంతలో ఆ పెద్దావిడ తమ్ముణ్ణి చూపించి, పక్కాయనతో ఏదో చెప్పింది. తమ్ముడు అది చూశాడు. తల దించుకున్నాడు.

టపాకాయ అనబోయిన మాట మింగేసింది. మొదటి మెట్టెక్కి క్యూవైపు తిరిగింది.

“అందరూ వినండి! మా తమ్ముడు టికెట్లు తియ్యలేదు. అబద్ధమూ చెప్పలేదు. నేనే టోపీలో పెట్టుకుని మరిచిపోయాను. వాణ్ణి ఊరికే తిట్టాను!”

పెద్దావిడ చూపు తిప్పుకుంది.

తమ్ముడు మెల్లగా వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు.

“నాకింకా కోపంగానే ఉంది.”

“ఉండనీలే,” అంది అక్క, పక్కకు జరిగి దారిస్తూ. “ముందు నువ్వెక్కు.”