కెలవరపల్లి కిటికీలో లైట్‌హౌస్

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు. కూర్చున్నవాళ్లు మాత్రం మధ్యలో నవ్వకూడదు!

కెలవరపల్లి డ్యాం నీళ్ల ఒడ్డున జనార్ధనరావు ఇల్లు ఉంది. ఆయన సముద్రం కాడ లైట్‌హౌస్‌లో దీపం చూసుకొనే ఉద్యోగం చేసి, రిటైరై ఈడికి వచ్చినాడు. జానెడు ఎత్తు పింగాణీ లైట్‌హౌస్ బొమ్మలు యాడాడివో కొని తెచ్చి, నీళ్ల వైపు కిటికీలో వరసగా పెట్టి, ఒక్కొక్కదాని అడుగున ఆ అసలు దీపం చరిత్ర రాసిపెట్టినాడు. ఆయన పోయి ఎనిమిదేండ్లు. కరెంటు మీటరు కూడా పీక్కొని పోయినారు. అయినా రాత్రయితే ఆ కిటికీలో వెలుగు...! చేపలవాళ్లు ఒక్కరూ ఆ గట్టున వల దించరు.

మరి మారప్ప అంటే ఎవరనుకున్నారు? చేపకు చెవి లేకపోయినా చెవి పట్టుకొని ఒడ్డుకు లాక్కొచ్చే మొనగాడు!

పోయిన కార్తీకంలో, పొద్దుగుంకినాక, పెండ్లాం బసవమ్మతో గుండ్రటి పడవ, పుట్టిలో పోయి వల తీస్తా ఉంటే మంచు దిగింది. పక్కనున్న మనిషి కనపడదు. అంతలో డ్యాం సైరన్ — గేట్లు ఎత్తినారు! నీళ్లు పుట్టిని గేట్ల పక్కకు లాగుతా ఉన్నాయి. గట్టు ఏ పక్కో తెలీదు...

"యాడికి పోతా ఉండాము?" బసవమ్మ గుసగుస.

అప్పుడు మెరిసింది. రెండు మెరుపులు... ఒక చీకటి. మళ్లీ రెండు మెరుపులు... ఒక చీకటి.

"జనార్ధనరావు దెయ్యమే!" మారప్ప తెడ్డు ఎదురు తిప్పినాడు. గేట్ల హోరు ఇంకా దగ్గరైంది.

"దెయ్యాన్నయితే బతిమాలుకోవచ్చు. గేటును బతిమాలేదెట్ల? ఆ వెలుగు పక్కకే తిప్పప్పా!" అరిచింది బసవమ్మ.

నూరు ఏనుగుల బలంతో తెడ్డు వేసినాడు మారప్ప. కండ్లు మూసుకొని వేసినాడని బసవమ్మ అంటుంది, అది వేరే సంగతి. దడ్! పుట్టి జనార్ధనరావు ఇంటి ముందర గట్టును తాకింది.

మెరుపు ఆగిపోయింది.

సెల్లు టార్చి వేసి కిటికీలో చూస్తే దుమ్ము పట్టిన బొమ్మల వరస. ఒక్కదాని మీద మాత్రం దుమ్ము లేదు. బసవమ్మ చువ్వల సందులో చేయి పెట్టి దాన్ని తీసింది. "అబ్బా!" — పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన గిన్నె మాదిరి కాలతా ఉంది. చీరకొంగుతో పట్టుకొని తిప్పి చూస్తే బల్బు లేదు, వైరు లేదు... వట్టి డొల్ల.

అడుగున రాసింది చదివింది: "రాళ్ల దీవి దీపం. రెండు మెరుపులు, ఒక చీకటి. తుపానుకు కూలి అరవై ఏండ్లు. నిలిచినన్నాళ్లు ఒక్క పడవనూ మునగనియ్యలేదు."

"మరి... ఎవరు ముట్టించినారు?" మారప్ప అడిగినాడు.

బసవమ్మ బొమ్మను మళ్లీ కిటికీలోనే, నీళ్ల వైపు తిప్పి పెట్టింది.

అబద్ధమంటారా? అరచేతిలో కాలిన మచ్చ ఇంకా ఉంది. పోయి చూడండి. మారప్పను అడగొద్దు, అతను కొంచెం ఎక్కువ చేసి చెప్తాడు. అడగాల్సిన పేరు — బసవమ్మ.