రాయప్ప గారి చేతి పట్టీ

ఆ శనివారం చేయాల్సిన పనులు చీటీ మీద రాసుకున్నాను.

మైలవరంలో పెద్దావిడ మోకాలి పట్టీకి బ్యాటరీ మార్చాలి.
జి. కొండూరులో ఒకాయన ఫోన్‌లో యాప్ పోయింది, మళ్లీ ఎక్కించాలి.
అమ్మ కుట్టిన కొత్త పట్టీలు సెంటర్‌లో ఇవ్వాలి.
ముసునూరు తోటకెళ్లి రాయప్ప గారి చేత పని మాన్పించాలి.

నాలుగోది ముందు చేశాను.

నూజివీడులో మా ఫిజియోథెరపీ సెంటర్ చిన్నది. రోజూ బస్సెక్కి రాలేనివాళ్లు ఇంటి దగ్గరే వ్యాయామం చేసుకునేందుకు చేతికో కాలికో ఒక పట్టీ ఇస్తాం. అందులో గోరంత సెన్సర్ ఉంటుంది. చెయ్యి ఎన్నిసార్లు లేచిందో, ఎంత ఎత్తుకు లేచిందో ఫోన్ ద్వారా నాకు తెలుస్తుంది. ఖరీదైన సరుకు కాదు. గుడ్డ పట్టీలు మా అమ్మే కుడుతుంది.

రాయప్ప గారు మామిడి చెట్టు మీంచి పడి కుడి భుజం విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయ్యాక రోజుకు ముప్పైసార్లు చెయ్యి లేపమన్నాం. రెండో నెలలో సెన్సర్ రోజుకు నాలుగు వందలు చూపించింది, అదీ తల పైదాకా. డాక్టర్ గారు సంతోషించి, సోమవారం ఫోన్ చేసి ఇక చెట్టెక్కొచ్చని చెప్పేద్దామన్నారు.

నాకు ఆ గ్రాఫ్ నచ్చలేదు. చెయ్యి లేస్తోంది, ఒక్క క్షణం ఆగుతోంది, తర్వాత కిందికి ఒక గుంజు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్నే. ఆ చదువు ఖర్చుల కోసం సెలవులన్నీ తోటల్లో పనిచేశాను. ఆ గుంజు ఏమిటో నా చేతులకు తెలుసు. అది వ్యాయామం కాదు. గెడకు వల కట్టిన చిక్కంతో కాయ కోయడం. మానని భుజంతో ఆయన పనిలోకి దిగారని భయపడ్డాను.

తోటలో రాయప్ప గారు లేరు. చిక్కం పట్టుకుని ఒక అమ్మాయి ఉంది. ఆమె మణికట్టుకు మా పట్టీ ఉంది.

"ఆ బ్యాండ్ మీదేనా అండీ?"

"మా నాన్నది. మీరెవరు?"

"అది ఇచ్చినవాణ్ని. విక్టర్."

"అయితే మీవల్లే నా చెయ్యంతా చెమటకాయలు," అంది, చిక్కం దించకుండానే.

నాకు కోపం వచ్చింది. దొంగ లెక్కలు పంపడం ఏమిటని గట్టిగానే అడిగాను. ఆమె అంతా విని, తన పేరు షీబా అనీ, డిగ్రీ పరీక్షలు రాసి వచ్చాననీ చెప్పింది. కాయలు కోసే వాళ్ల ముఠాలో ఒక పద్ధతి ఉందట. సీజన్‌లో ఎవరైనా మంచాన పడితే ఇంట్లోంచి ఇంకొకరు రావాలి. వాళ్లు చేసిన పని మంచాన ఉన్న మనిషి పేరు మీదే పడుతుంది. అలా వస్తేనే ముఠాలో చోటు నిలుస్తుంది. రాయప్ప గారు సెన్సర్‌కీ అదే పద్ధతి అనుకున్నారు. తన బదులు కూతురు వెళ్తోంది కనుక, రోజూ తెల్లారగానే పట్టీ ఆమె చేతికి కట్టి పంపుతున్నారు.

"ఇది తప్పని మీకు తెలుసు కదా?"

షీబా చిక్కం దించింది. "తెలుసండి. సాయంత్రం ఫోన్‌లో ఆ అంకె చూసి నవ్వేవాడు. పడ్డాక నాన్న నవ్వడం అదే. వద్దని చెప్పలేకపోయాను."

సోమవారం డాక్టర్ గారు చేయబోయే ఫోన్ సంగతి చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. ఇంకేమీ అడగకుండా ముందు నడిచింది.

ఇంట్లో రాయప్ప గారు నన్ను చూసి తడబడలేదు. "అమ్మాయి నా బదులే కదా బాబూ," అన్నారు.

"కాయలు మీ బదులు ఇంకొకరు కోస్తారండి. మీ భుజం మాత్రం మీరే లేపాలి."

పట్టీ ఆయన చేతికి కట్టాను. చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఆ రోజు లెక్క మూడు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

డాక్టర్ గారికి జరిగింది చెప్పాను. ఆ వారం నుంచి నా సాయంత్రాలన్నీ ముసునూరులోనే. ఇంట్లో డ్యూటీ అన్నాను. ఒక్క ముసునూరులోనే రోగులున్నారా అని అమ్మ అడిగింది. అక్కడ షీబా పైకి లెక్కపెట్టేది. ఎనిమిది తర్వాత పది అనేది. తొమ్మిది ఏమైందంటే, మీ మెషీన్ చూసుకుంటుందిలెండి అనేది. రాయప్ప గారు మళ్లీ నవ్వడం మొదలుపెట్టారు.

జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు షీబా, నేను చూరు కింద నిలబడ్డాం.

"నాన్న చెయ్యి బాగైతే మీరు రావడం మానేస్తారా?"

"బ్యాండ్ వెనక్కి తీసుకోవాలి. అది రూలు."

"నేనడిగింది బ్యాండ్ గురించి కాదండి."

"మీరు రమ్మంటే రోజూ వస్తాను," అన్నాను.

"గొడుగు తెచ్చుకోండి," అంది.

ఆ భుజం మళ్లీ చెట్టెక్కే భుజం కాలేదు. షీబా ముఠాలో నిలబెట్టిన చోటులోనే, రాయప్ప గారు చెట్టు కింద కూర్చుని కాయలు ఏరే పని తీసుకున్నారు.

మా నిశ్చితార్థం రోజు పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక రాయప్ప గారు మా తలల మీద చెయ్యి పెట్టాలి. ఎడమ చెయ్యి పెట్టమని ఎవరో అన్నారు. ఆయన కుడిచెయ్యే ఎత్తారు. అది ఛాతీ దాటింది, భుజం ఎత్తున ఆగింది. నేను తల వంచబోయాను.

"వంచకు బాబూ. నేనే అందుకుంటా."

అందుకున్నారు. పక్కన షీబా పెదవులు కదిలాయి. ఒకటి అని లెక్కపెట్టింది.

ఈ వేసవిలో నూజివీడు రసం మామిడి మీ చేతికొస్తే, దెబ్బ తగలకుండా దాన్ని కిందికి దించిన చెయ్యి ఒకటి, ఏరి పెట్టిన చెయ్యి ఒకటి ఉంటాయి. అప్పుడు మా మావయ్య రాయప్ప గారిని ఒక్కసారి తలుచుకోండి.