వెండిగని కపాలం

అది అమావాస్య... పట్టపగలే ఇర్వింగ్ ఊరి ఆకాశం ఆకుపచ్చగా మారి, ఆపై కాటుక నలుపు తేలిన ఘోర ఘడియ! టోర్నడో సైరన్ ఆగకుండా ఆక్రోశిస్తోంది. మేఘగర్జనకు గ్యారేజ్ తలుపు గజగజ వణికింది. పెరట్లోని ఓక్ చెట్టు మీద గుడ్లగూబ పగలే కూసింది! ఊరంతా సుడిగాలికి భయపడి బాత్‌టబ్బుల్లో దాక్కుంటే రాజారావు మాత్రం గ్యారేజ్‌లో, రక్తవర్ణపు ముగ్గు ముందు పద్మాసనం వేశాడు.

ఇండియన్ స్టోర్ యజమాని రాజారావు... స్టూడెంట్లందరికీ అంకుల్! చదువుకునే పిల్లలకు వీసా ఒప్పుకోకున్నా చాటుగా పనిస్తాడు, తలదాచుకోను గది ఇస్తాడు, ఆనక వాళ్ల మనసునే లాగేసుకుంటాడు. ఛీ, వీడూ ఒక మనిషేనా!

సాయితేజ అలాగే బలయ్యాడు. ప్రాచీన వెండిగనిలో దొరికిన ఒక బానిస కపాలంతో రాజారావు అతణ్ణి వశం చేసుకున్నాడు. కళ్లలో వెలుగు లేక, నోట మాట లేక, ఆ కుర్రాడు ఇప్పుడు మూలన నిలబడి ఉన్నాడు. ఆ కపాలం పొడైపోతే, అదే గని నుంచి మరొకటి తెప్పించాడీ దుర్మార్గుడు. మొదటిదానితో బానిస మెడకు వేసిన ఇనుప కడియం వచ్చింది, దీనితో రాలేదు. గనిలో చచ్చినవాడు బానిస కాక మరెవడవుతాడని వాడి ధీమా!

ఈ వేళ దేదీప్య వంతు. స్టోర్లో పని మానేస్తానన్న పాపానికి ముగ్గు నడుమ బందీ అయింది. మంత్రం ముగిసిందా... ఆమె మనసు ఇక ఆమెది కాదు!

"అంకుల్, ప్లీజ్... నన్ను పంపించెయ్యండి. ఎవరికీ చెప్పను."

"ఎక్కడికమ్మా? కాసేపాగితే వెళ్లాలనే అనిపించదు నీకు."

కపాలం మీద కుంకుమ చల్లి గర్జించాడు. "దాసుడా, నీ యజమానిని నేను. దీన్ని కట్టెయ్."

ఫెళఫెళమంటూ పిడుగు! దేదీప్య కనుగుడ్లు తేలిపోయాయి... ఆమె కంఠంలోంచి ఎవరిదో జీర మగగొంతు!

"నాకు యజమాని లేడు. బానిస చస్తే దొరకు నష్టం. అందుకే వాడికి గంజి పోసి, కూలిపోయే గుంటల్లోకి మమ్మల్ని దింపారు. కూలివాళ్లం. ఆకలికి మేమే దిగాం. చస్తే అడిగిన నాథుడు లేడు. నన్ను దాసుడనడానికి నువ్వెవడివిరా?"

యజమాని అన్నవాడే లేనివాణ్ణి యజమాని మంత్రం ఏం కట్టేస్తుంది? కాంక్రీటు నేల భళ్లున చీలింది... అస్థిమాత్రమైన హస్తాలు, వెండి ధూళి నిండిన హస్తాలు... రాజారావు కాళ్లు పట్టి పాతాళానికి ఈడ్చుకుపోయాయి! గావుకేక సగంలోనే తెగిపోయింది. కపాలం బూడిదైంది.

సైరన్ ఆగింది. తెలివొచ్చిన దేదీప్య తడబడుతూ లేచి, సాయితేజ భుజాలు పట్టి కుదిపింది. అతని కళ్లలోకి మెల్లగా వెలుగొచ్చింది.

"తేజా, వాడు పోయాడురా. ఇంక మనం ఫ్రీ."

సాయితేజ చీలిన నేలకేసి చూశాడు.

"మరి రేపు మనకి షిఫ్ట్ ఎవరిస్తారే?" అన్నాడు.

ఇంత భయానికీ రాని ఏడుపు దేదీప్యకు అప్పుడొచ్చింది.