ఆరని గోడ

ఉతికి ఆరేసిన తెల్ల చున్నీ మీద పాత రంగు పెచ్చులు రాలాయి. ఆమె తలెత్తి చూసింది. నిచ్చెన మీద రంగుల కాంట్రాక్టరు, చేతిలో స్క్రేపర్.

"చెప్పి గీకొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నానండి. మీరు ఫోన్‌లో నవ్వుతున్నారు, డిస్టర్బ్ చెయ్యడమెందుకని."

"చున్నీ పాడైతే డిస్టర్బెన్స్ కాదా?"

"అది దులిపితే పోతుందండి."

దులిపితే నిజంగానే పోయింది. అందుకు ఆమె కోపం ఇంకాస్త పెరిగింది.

అతను ఇంటి బయటి గోడలన్నీ గీకాడు. పాచి పట్టినచోట బ్రష్‌తో రుద్ది కడిగాడు. పగుళ్ళు పుట్టీతో పూడ్చాడు. ఆమె ఆఫీసుకు వెళ్తూ ఒక వంక పెట్టేది, వస్తూ ఇంకొకటి. కిటికీ పక్క పగులు వదిలేశాడంది. వదల్లేదని చూపిస్తే పుట్టీ ఎగుడుదిగుడుగా ఉందంది.

"మీరు మా మేస్త్రీగా చేరిపోండి," అన్నాడతను సాండ్‌పేపర్ తీస్తూ.

"మీ కింద నేను పనిచెయ్యను."

"కింద ఎందుకండీ, నిచ్చెన మీరే ఎక్కుదురుగాని."

ఒక సాయంత్రం ఆమె మామూలుగా అడిగినట్టు అడిగింది. "దీని తర్వాత ఎక్కడ?"

"దూరమండి. అపార్ట్‌మెంట్ పని, ఏడాది పడుతుంది. ఇక్కడ అవగానే వెళ్ళాలి."

గోడ పూర్తిగా ఆరితేనే రంగు కింద పూతగా ప్రైమర్ వెయ్యాలి. అందుకని అతను రోజూ వెళ్ళేముందు గోడకు ఒక ప్లాస్టిక్ షీటు పెట్టి, చుట్టూ టేపు అతికించేవాడు. తెల్లారేసరికి లోపల చెమ్మ పడితే ఇంకా ఆరలేదన్నమాట.

ఆ సాయంత్రం అతను గేటు దాటగానే ఆమె టేపు ఊడదీసి, గోడను తడిగుడ్డతో అద్ది, షీటు మళ్ళీ అతికించింది. మర్నాడు చెమ్మ. ఆ తర్వాతా చెమ్మే.

ఆమె తండ్రికి ఓపిక నశించింది.

"ఎండ మండిపోతుంటే గోడ ఆరకపోవడమేంటయ్యా? పని నానుస్తున్నావు. రేపట్నుంచి రావద్దు, వేరేవాళ్ళని చూసుకుంటాను."

అతను బ్రష్‌లు సర్దుకోసాగాడు. ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"అతన్నేం అనకు నాన్నా. తడుపుతున్నది నేను."

"నువ్వా? ఎందుకు?"

"ఆరితే వెళ్ళిపోతాడుగా."

కాంట్రాక్టరు చేతిలో బ్రష్ అలాగే ఉండిపోయింది.

"నాకు తెలుసండి," అన్నాడు తండ్రితో. "లాగడానికి వీలుగా టేపు చివర మడిచి అతికిస్తాను. పొద్దున చూస్తే మడత ఉండేది కాదు."

"మరి చెప్పవేం?"

"చెబితే ఆవిడ మానేస్తారేమోనని."

"తడిగుడ్డ నాదేగా, సున్నం అంటుకుని ఉంటే నాకు తెలీదా?" అంది తల్లి వంటింటి కిటికీలోంచి.

తండ్రి అందరినీ ఒకసారి చూశాడు. "అయితే ఈ ఇంట్లో తెలియనిది నాకూ, గోడకీ."

ఎవరూ నవ్వే సాహసం చెయ్యలేదు.

"ఆ దూరం పని ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నానండి. వారం వారం వచ్చిపోతాను."

"ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా. ఇప్పుడు మాత్రం ఆ తడి చోటు వదిలేసి, అటువైపు ప్రైమర్ మొదలుపెట్టు."

అతను నిచ్చెన ఎక్కాడు. ఆమె బ్యాగు కింద పెట్టి వచ్చి నిచ్చెన పట్టుకుంది. పట్టుకోకముందు కూడా అది కదలకుండా గట్టిగానే ఉంది. తండ్రి ఆ సంగతి గమనించి కూడా, చూడనట్టే లోపలికి వెళ్ళాడు.