పక్క సీట్లో ఆవిడ బెల్టు పెట్టుకోలేదు

రాష్ట్రం సరిహద్దు దాటాక పదకొండో కిలోమీటరు రాయి దగ్గర పాత తూకం షెడ్డు ఒకటుంది. ఒకప్పుడు లారీలు ఆపి బరువు చూసేవాళ్లు. ఇప్పుడు రేకులు ఊడిపోయాయి, గది తలుపు గాలికి కొట్టుకుంటుంది, కాంటా మాత్రం అలాగే ఉంది. రాత్రిపూట దాని మీద లారీ లేకపోయినా... ముల్లు కదులుతుందట. కదిలి కదిలి, సరిగ్గా ఒక మనిషి బరువు దగ్గర ఆగుతుందట. కాసేపటికి మళ్లీ సున్నాకి పడిపోతుందట.

సున్నాకి పడిందంటే? కాంటా మీద ఉన్నవాళ్లెవరో దిగారన్నమాట. దిగి ఎక్కడికి పోయారు?

అప్పుడే అటుగా పోతున్న బండిలోకి.

ఏ బండి పడితే ఆ బండి కాదు. మనిషి ఒంటరిగా నడుపుకుంటూ పోయే బండి. పక్క సీటు ఖాళీగా ఉన్న బండి.

నేను చూడలేదు నాయనా, దేవుడి ఎదుట అబద్ధమాడను. విన్నది విన్నట్టు చెబుతున్నా. ఆ లైటు అలాగే ఉంచి, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

మా మాస్టారు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఇరవై ఆరేళ్లుగా నేర్పుతున్నాడు. స్కూలు ముందు బోర్డు — ‘భయం వదలండి, స్టీరింగ్ పట్టండి’. ఒక్క చలానా కూడా పడని మనిషి. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు.

ఆయన కారులో పక్క సీటు ఆయనది. ఆ సీటు ముందు, కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు గోడ మీదికి పోతుంటే మాస్టారు అక్కణ్నుంచే తొక్కేస్తాడు. రెండు బ్రేకులకీ మధ్య తీగ కట్టి ఉంటుంది. అక్కడ తొక్కితే ఇక్కడ పెడలు దానంతటదే కిందికి పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి ఉలిక్కిపడితే మాస్టారు పడీ పడీ నవ్వేవాడు.

దెయ్యమన్నా ఆయనకి నవ్వే, దేవుడన్నా నవ్వే. భార్య దణ్ణం పెట్టుకుంటుంటే వెనక నిలబడి, “నీ దరఖాస్తు అందిందటే?” అని అడిగే రకం.

ఆ ఇంట్లో ఆయన నవ్వు చెల్లనిది ఒక్క మనిషి దగ్గరే. అత్తగారు. పోయి రెండేళ్లయింది. కళ్లజోడు పైనుంచి చూసేది. స్టీరింగ్ ముట్టని మనిషి — ఈయనకి డ్రైవింగ్ చెప్పేది! “నెమ్మదిగా నాయనా... నెమ్మదిగా.” ఎదురుగా సైకిలు కనిపించినా చాలు, తన కాలు నేలకేసి గట్టిగా తొక్కేది, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. అందుకే మాస్టారు ఆవిణ్ని ఒక్కనాడూ ముందు సీట్లో కూర్చోనివ్వలేదు. అక్కడ నిజంగానే బ్రేకు ఉంది కదా!

ఆవిడ పోయాక భార్య పెద్ద ఫోటో కట్టించింది. ముఖం అచ్చం మనిషి ముఖమంత ఉంటుంది. హాల్లో తగిలిస్తే మాస్టారు రెండు రోజులు కూడా ఉండనివ్వలేదు. “అన్నం తింటుంటే నా వైపే చూస్తోందే, తీసెయ్!” ఫోటో అలమారులోకి పోయింది.

సరే. పక్క రాష్ట్రంలో డ్రైవింగ్ స్కూళ్లవాళ్ల సమావేశం జరిగింది. మాస్టారు ప్రసంగించాలి. విషయం — రోడ్డు మీద భయాన్ని జయించడం ఎలా.

బయల్దేరేముందు భార్య పాత దుప్పటిలో చుట్టిన మూట ఒకటి తెచ్చి ముందు సీట్లో పెట్టబోయింది.

“ఏంటే అది?”

“మీకెందుకండీ. మీ పక్కన ఉండాలి, అంతే. రాత్రిపూట ఆ షెడ్డు మీదుగా కదా తిరిగి రావాలి. కాళ్ల దగ్గర మాత్రం పెట్టకండి.”

“ఏ దేవుడి పటమో అయ్యుంటుంది. పాపం దేవుడు, టికెట్టు లేకుండా ప్రయాణం!” అంటూ మాస్టారు ఆ మూటని సీటుకీ డోరుకీ మధ్య ఇరికించేసి, ఆ సంగతే మర్చిపోయాడు.

ప్రసంగం బాగా సాగింది. చప్పట్లు కొట్టారు, మెడలో దండ వేశారు. భోజనం చేసి బయల్దేరేసరికి పది దాటింది.

షెడ్డు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా రేడియో ఆగిపోయింది. మాస్టారు ఈల వేసుకున్నాడు. కిలోమీటరు ఉందనగా ఈల కూడా ఎందుకో కుదర్లేదు. షెడ్డు ముందు స్పీడు బ్రేకరు ఉంది, చీకట్లో కనిపించలేదు. కారు ఎగిరి పడింది.

అప్పుడు...

టింగ్.

టింగ్... టింగ్...

డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. సీట్లో కూర్చున్న చిన్న మనిషి బొమ్మ. పక్క సీట్లో ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని కారు చెబుతోంది!

రెండు వందల కిలోమీటర్లు నోరెత్తని అలారం. షెడ్డు దగ్గరే మోగింది. పక్క సీట్లో బరువు ఉందంటోంది.

మాస్టారు తల తిప్పలేదు. మెడ కొయ్యబారిపోయింది. కంటి చివర ఏదో... గుండ్రంగా, తెల్లగా... ముఖంలాంటిది.

కాలు యాక్సిలేటరు మీద పడింది. ఎనభై. వంద. టింగ్ టింగ్ టింగ్! “భయాన్ని జయించాలంటే ముందు ఊపిరి నిదానంగా పీల్చాలి” — ఆ సాయంత్రమే మైకులో చెప్పిన మాట అది. ఊపిరి ఎక్కడుంది, పీల్చడానికి?

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆపైన ఏం చేశాడో గుర్తులేదు. కీచుమని ఒక చప్పుడు, ముందుకు ఒక విసురు...

కళ్లు తెరిస్తే కారు ఆగి ఉంది. ఎదురుగా జానెడు దూరంలో, లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ వెనకభాగం.

అలారం కూడా ఆగిపోయింది. అంటే... దిగిపోయింది.

ఇంటికొచ్చేదాకా మాస్టారు పక్కకి చూడలేదు. కారు నిలబెట్టి ఒక్క పరుగున మంచమెక్కి ముసుగు తన్నాడు. మూట తెచ్చుకున్నది భార్యే. ముడి ఊడిపోయి, కాళ్ల దగ్గర పడి ఉంది. విప్పి చూశాడు కాబోలు అనుకుని, పొద్దున్నే నవ్వుతాడని ఎదురుచూసింది. మాస్టారు నవ్వలేదు. “షెడ్డు దగ్గర ఆగి, కాళ్లు సాగదీసుకుని మరీ వచ్చానే,” అన్నాడు. అంతే.

తొమ్మిదో రోజు చలానా వచ్చింది. భార్య ఫోనుకి వచ్చింది. బ్యాంకువాళ్లు ఫోన్లు చేసి విసిగిస్తారని, కారు కొన్నప్పుడు మాస్టారు ఆవిడ నంబరే ఇచ్చాడు మరి.

“ఏమండీ, గంటకి నూట పద్దెనిమిదా?”

“మీటరు తప్పై ఉంటుంది.”

“కాళ్లు సాగదీసుకున్న చోటే?”

మాస్టారు పేపరు మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.

“సరే. ఇంకోటి కూడా ఉంది, వినండి. ‘ముందు సీటులోని ప్రయాణికురాలు బెల్టు ధరించలేదు.’” ఆవిడ ఫోను కింద పెట్టింది. “ఎవరండీ ఆ ప్రయాణికురాలు?”

మాస్టారు పేపరు పక్కన పెట్టాడు. ఇప్పుడు చెప్పక తప్పదు. గొంతు తగ్గించి అన్నాడు — “దెయ్యమే.”

“ఏంటీ?”

“ఒట్టు. షెడ్డు దగ్గర ఎక్కింది. లారీ దగ్గర దిగింది.”

నవ్వకండి. అసలు విచిత్రం ఇప్పుడే. తలుపు కిర్రుమంటే దేవుణ్ని తలుచుకునే ఆ ఇల్లాలు, నిటారుగా నిలబడి అంది కదా — “దెయ్యాలు లేవండీ.”

“అదేంటే! ఉన్నాయని నువ్వే కదా అంటావు!”

“ముప్పై ఏళ్లుగా మీరు లేవంటున్నారు. ఇవాళ్టి నుంచి మీ మాటే వింటాను. దెయ్యం రోడ్డు కెమెరా ఫోటోలో పడుతుందా? దానికి చలానా రాస్తారా? చదువుకున్నవారు, మీరే చెప్పండి.”

“పోనీ, ఇప్పుడే కట్టేస్తాను. రెండు నిమిషాల పని.”

“కడితే ఒప్పుకున్నట్టే,” అంది భార్య. “ఆ రసీదు పట్టుకుని నేను మా అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతాను.”

ఫోనులో ఆ చలానా ఫోటో తెరుచుకోలేదు. అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో ఆ రాష్ట్రం ట్రాఫిక్ ఆఫీసుకి స్వయంగా రావాలని రాసి ఉంది. మర్నాడే ఇద్దరూ బయల్దేరారు. భార్య వెనక సీట్లో కూర్చుంది. ఒకవైపు సూట్‌కేసు, ఇంకోవైపు దుప్పటి మూట. ఫోటో చూశాక ఈ కారులోనే ఇంటికి రావాలో, అటునుంచి అటే బస్సెక్కి అన్నగారింటికి పోవాలో తేల్చుకుంటుందట. రెండు వందల కిలోమీటర్లూ ఒక్క మాట లేదు. మాస్టారి పెదవులు మాత్రం కదులుతున్నాయి. అడిగితే లెక్కలు వేసుకుంటున్నానన్నాడు. నాకు తెలుసులెండి, అవేం లెక్కలో.

ట్రాఫిక్ ఆఫీసులో బల్ల వెనక గుమాస్తా. మధ్యాహ్నం కూర్చోబెట్టినవాడు సాయంత్రానికి గానీ పిలవలేదు.

“అభ్యంతరం ఏంటి సార్?”

మాస్టారు భార్య వైపు చూసి, బల్ల మీదికి వంగి గుసగుసగా అన్నాడు — “ఆ సీట్లో ఉన్నది... మనిషి కాదు.”

“అలా చాలామంది చెబుతారు సార్. భార్యలతో వచ్చినవాళ్లే చెబుతారు.”

భార్య సూట్‌కేసు పిడి పట్టుకుంది.

గుమాస్తా నంబరు కొట్టాడు. ఫోటో మెల్లగా, పైనుంచి కిందికి తెరుచుకుంటోంది. కారు పైకప్పు... అద్దం... పక్క సీటు. తెల్లటి ముఖం. కళ్లజోడు. పైనుంచి చూసే చూపు...

“అమ్మా!” అంది భార్య.

మాస్టారు కుర్చీ పట్టుకున్నాడు. “చూశావా... చూశావా, చెప్పలేదూ!”

“దెయ్యం కాదండీ, మా అమ్మ ఫోటో! నేనే పంపాను. మా అమ్మ పక్కనుంటే ఏ దెయ్యమూ దగ్గరికి రాదని. చెబితే నవ్వుతారని చెప్పలేదు.”

కుదుపుకి మూట ముడి ఊడి, ఫోటో సీట్లోకి వచ్చి నిలబడింది. ఆ బరువుకే అలారం మోగింది. కెమెరా ముఖం చూసి మనిషనుకుంది. అంతే సంగతి! గుమాస్తా పకపకా నవ్వాడు. భార్యకి కళ్లనీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. సూట్‌కేసు పిడి వదిలేసింది. బెల్టు చలానా కొట్టేశాడు గుమాస్తా.

కొట్టేసి, తెర వైపు మళ్లీ చూసి, నవ్వు ఆపేశాడు.

“సార్... మీరేం చేస్తున్నారిక్కడ?”

ముగ్గురూ వంగి చూశారు. డ్రైవరు సీట్లో మాస్టారు. కళ్లు మూసి ఉన్నాయి. రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని ముడుచుకున్నాడు. రెండు చేతులూ జోడించి, నెత్తిమీద పెట్టుకున్నాడు. వేగం నూట పద్దెనిమిది.

“మీరు దేవుడికి దణ్ణం పెడతారా అండీ!” అంది భార్య ఆశ్చర్యంగా.

“స్టీరింగ్ వదిలేయడం వేరే నేరం సార్,” అన్నాడు గుమాస్తా, కొత్త కాగితం తీస్తూ. “ముందు గమనించలేదు. మీరు రాబట్టి తెలిసింది. ఏం పని చేస్తారు?”

“...వ్యాపారం,” అన్నాడు మాస్టారు.

సంతకం పెడుతుంటే గుమాస్తా ఇంకో మాట అడిగాడు. “కాళ్లు రెండూ పైనున్నాయి. మరి లారీ వెనక కారు ఆపిందెవరు సార్? ఆ రాత్రి అక్కడే లైట్లు లేకుండా ఆగిన లారీకి కూడా నేనే చలానా రాశాను. వెనక వచ్చిన కారు జానెడులో ఆగిందన్నాడు ఆ డ్రైవరు.”

ముగ్గురూ మళ్లీ తెర వైపు చూశారు.

“ఫోటో జారి ఆ పక్క బ్రేకు మీద పడుంటుందిలెండి,” అన్నాడు మాస్టారు.

“అంతే అయ్యుంటుంది,” అన్నాడు గుమాస్తా.

“అంతే,” అంది భార్య.

బయటికొచ్చేసరికి చీకటి పడింది. మాస్టారు తనే మూట విప్పాడు. అత్తగారి ఫోటోని ముందు సీట్లో నిలబెట్టి, అంగుళం కూడా కదలకుండా బెల్టు బిగించాడు. లాగి చూశాడు. మళ్లీ లాగి చూశాడు. భార్య వెనక కూర్చుంది.

పదకొండో కిలోమీటరు రాయి వచ్చింది. స్పీడు బ్రేకరు నెమ్మదిగా దాటించాడు. అలారం మోగలేదు. షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటోంది. రోడ్డు పక్కన వేగం బోర్డు మీద నలభై అని ఉంది. డాష్‌బోర్డులో ముల్లు నలభై రెండు దగ్గర ఉంది.

ఫోటో సీటుకి అంటుకుపోయి ఉంది. కదల్లేదు.

మాస్టారి కాలు యాక్సిలేటరు మీదే ఉంది. ఆ పక్కన, ఎవరూ ముట్టుకోకుండానే... బ్రేకు పెడలు మెల్లగా కిందికి దిగింది.

ముల్లు నలభై ఒకటికి వచ్చింది. నలభైకి వచ్చింది. పెడలు మళ్లీ మెల్లగా పైకి లేచింది.

“ఏమండీ,” వెనకనుంచి భార్య గొంతు, గుసగుసగా. “బ్రేకు వేశారా?”

మాస్టారు పక్క సీటు వైపు కాస్త ఒరిగాడు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఆ మనిషిని బతికున్నన్నాళ్లూ పిలవని పిలుపుతో అన్నాడు —

“నెమ్మదిగానే వెళ్తున్నానండీ, అత్తయ్యగారూ.”